ఏడో సంతకం

నరసరావుపేటలో మా సంఘం గోడకి ఇప్పటికీ ఒక పటం వేలాడుతోంది. జిల్లా రిజిస్ట్రారు ఆఫీసు వాళ్ళిచ్చిన సర్టిఫికెట్టుకి అద్దం కట్టించి పెట్టారు. దాని పక్కనే వ్యవస్థాపకులంటూ ఏడుగురి పేర్లు రంగులో రాయించారు. మొదటి పేరు నాది. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే నన్ను ఆ గోడ దగ్గరికి తీసుకుపోయి, "మాస్టారు లేకపోతే ఈ సంఘం లేదండీ" అని చెప్తారు. నేను తల ఊపుతాను. మర్యాదకి ఊపడమే తప్ప ఆ గోడవైపు తలెత్తి చూడను.

మొదట్లో సంఘమూ లేదు, గింఘమూ లేదు. ఒక నోటుపుస్తకం ఉండేది. అది ఎందుకు పుట్టిందో చెప్పాలంటే మా వైపు చావుల గురించి కాస్త చెప్పాలి.

మా వైపు ఒక ఇంట్లో మనిషి పోతే, ఏడుపులు మొదలైన పావుగంటకల్లా ఇంకో పని మొదలవుతుంది. ఎవరెవరికి కబురు పంపాలి అని పెద్దవాళ్ళు అరుగుమీద చేరతారు. ఒకే ఇంటిపేరు వాళ్ళందరికీ మైల ఉంటుంది కాబట్టి ఏ ఊళ్ళో ఉన్నా వాళ్ళకి తెలియాలి. ఆ ఇంట్లో పుట్టిన ఆడపడుచులకి అందరికంటే ముందు తెలియాలి. కబురు తెచ్చిన మనిషి వాకిట్లోనే నిలబడి చెప్పి, మంచినీళ్ళు కూడా అడక్కుండా ఇంకో ఊరు పోతాడు. విన్నవాళ్ళు కట్టుబట్టలతో తలమీద నీళ్ళు పోసుకుని బయల్దేరతారు. పెళ్ళికి పిలవకపోతే అలుగుతారు, నాలుగు నెలలకి ఆ అలక తీరుతుంది. చావుకి కబురు పంపకపోతే మాత్రం తెగిపోయినట్టే. నువ్వు మా మనిషివి కాదు అని చెప్పడానికి అంతకంటే గట్టి పద్ధతి మా దగ్గర లేదు.

యాభైల మొదట్లో మా ఊళ్ళో ఒక తాతగారు పోయాడు. మా ఊరు రాజుపాలేనికి దగ్గర. నాదెండ్ల అవతల ఎప్పుడో వలసపోయిన మా ఇంటిపేరు వాళ్ళు రెండిళ్ళవాళ్ళు ఉన్నారని ఆ రోజు అరుగుమీద ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆ పది రోజుల్లోనే వాళ్ళింట్లో పెళ్ళి జరిగిపోయింది. సంగతి తెలిశాక వాళ్ళు బండి కట్టుకుని వచ్చి మా వాకిట్లో నిలబడి తిట్టిన తిట్లు ఊరంతా విన్నది. మైలలో తాళి కట్టించారు, మా పిల్ల కాపురానికి ఏమన్నా అయితే మీదే పాపం అన్నారు. ఆ తర్వాత ఆ పిల్లకి జలుబు చేసినా మా ఊరి వల్లే చేసిందన్నారు.

అప్పుడు నేను కొత్తగా బడిపంతులు ఉద్యోగంలో చేరాను. ఈ కాలంలో కూడా ఇంత మంది జ్ఞాపకం మీద ఆధారపడటం ఏమిటి, ఒక చోట రాసి పెడదాం అన్నాను. మా ఇంటిపేరు వాళ్ళే ఇంకో ముగ్గురు కలిశారు. ఒకాయన కాంపౌండరు, ఒకాయనకి బట్టల కొట్టు, ఒకాయన రైల్వేలో గుమాస్తా. ఆదివారం వస్తే సైకిళ్ళమీద ఊళ్ళు తిరిగేవాళ్ళం. ఎడ్లపాడు వైపు ఒకసారి, గురజాల వైపు ఒకసారి. ఎవరు ఎవరి కొడుకు, ఏ ఊరి నుంచి ఎప్పుడు కదిలారు, ఇప్పుడు ఎక్కడున్నారు, అన్నీ రాసేవాళ్ళం. మాకెవరూ పైస ఇవ్వలేదు, మేమూ అడగలేదు. ఎవరింటికి పోతే వాళ్ళు మజ్జిగ ఇచ్చేవాళ్ళు. నా జీవితంలో శుభ్రంగా బతికిన రోజులంటే అవే అనిపిస్తుంది.

మగవాళ్ళ పేర్లు దొరకడం కష్టం కాలేదు. కోతలయ్యాక ఏటా వచ్చి కళ్ళం దగ్గర వంశం పాడిపోయేవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళు తొమ్మిది తరాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్ళు. అయితే ఆ పాటలో ఒక్క ఆడమనిషి పేరు ఉండేది కాదు. ఫలానావాడికి ముగ్గురు కొడుకులు అని పాడతారు. ఆ ముగ్గుర్నీ కన్నదెవరో, వాళ్ళ అక్కచెల్లెళ్ళు ఏ ఊరికి పోయారో పాటలో లేదు. ఆడపడుచుల ఊళ్ళు తెలియకపోతే మా పుస్తకం దేనికి? అది ఎవర్ని అడిగినా, "అయ్యన్నీ మాచర్లలో ఉన్నదానికి తెలుసు" అని గొంతు తగ్గించి చెప్పి లేచిపోయేవాళ్ళు.

మాచర్లలో ఉన్నది మా మేనత్త. మా నాయనకి ఒక్కతే చెల్లెలు. ఆమె పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవాళ్ళు కాదు. మా ఊరి చివరి పేటలో పుట్టి, మిషను బడిలో చదువుకుని టీచరైన ఒక మనిషిని ఆమె తన ఇష్టంతో చేసుకుని వెళ్ళిపోయింది, మతమూ మారింది. నాకప్పుడు నాలుగేళ్ళు. మా తాత ఊరందర్నీ వెంటబెట్టుకుని వాగు దగ్గరికి పోయి, బతికున్న కూతురికి నువ్వులూ నీళ్ళూ వదిలి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆమె చచ్చినవాళ్ళలో లెక్క. చచ్చినవాళ్ళకైనా ఏడాదికోసారి తద్దినం పెడతారు, ఈమెకి అదీ లేదు.

నేను మా నాయనకి చెప్పకుండా నరసరావుపేటలో రైలెక్కి మాచర్ల పోయాను. మిషను బడి వెనక రెండు గదుల ఇల్లు, ముందు రోడ్డు, రోడ్డుకి అవతల నాపరాళ్ళు పేర్చి అమ్మే దొడ్డి. ఆమె వాకిట్లో చేటతో కందులు చెరుగుతోంది. భర్త పోయి రెండేళ్ళయింది, ఒక్క కూతురు ఎక్కడో నర్సు పని నేర్చుకుంటోంది.

"ఏ ఊరు నాయనా?" అని అడిగింది.

ఊరు చెప్పాను. చేట ఆగిపోయింది. ఎవరి పిల్లవాడివని అడిగితే నాయన పేరు చెప్పాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నా చంకలో ఉచ్చ పోసేవోడివి. అప్పుడే మీసాలొచ్చినయ్యే నీకు" అంది. నవ్వుతూనే పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

వచ్చిన పని చెప్పాను.

"ఏందీ, చచ్చినోళ్ళ పేర్లు గావాలా? కూసో అల్లుడా. చానా మంది ఉన్నారు."

మూడు సార్లు పోయాను ఆమె దగ్గరికి. మిరపకాయల తొడిమలు తీసేటప్పుడు వాళ్ళ నాయనమ్మ ఈమె చేత పేర్లు వల్లె వేయించేదట. ముత్తవ్వలూ, వాళ్ళ అక్కచెల్లెళ్ళూ, వాళ్ళు మెట్టిన ఊళ్ళూ, పురిట్లో పోయినవాళ్ళూ, బావిలో దూకినవాళ్ళూ, అందరూ ఆమె నోటి నుంచి వరసగా వచ్చారు. ఇంట్లోంచి వెళ్ళగొట్టి ఇరవై ఏళ్ళయిన మనిషికి ఆ ఇంటి పేర్లు ఒక్కటీ పోలేదు. ఆ ఇంట్లోనే ఉన్న మాకు ఒక్కటీ లేదు. నాకు సిగ్గేసింది. మూడోసారి నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఒరేయ్ అల్లుడా, ఇన్ని పేర్లు చెప్పా గదా, నాకేం పెడతావు?"

"ఏం కావాలత్తా?"

"చీరలొద్దు, సారెలొద్దు. మీ నాయన పోయిన్నాడు నాకు కబురు రావాల. వస్తానో రానో, వస్తే రానిస్తారో తంతారో, అదంతా నేను చూసుకుంటా. కబురు మాత్రం రావాల. నేనే ముందుబోతే ఆ గొడవే లేదు."

"నేను పంపిస్తానత్తా."

"నువ్వు ఉత్తరం ముక్క రాస్తే చాలదురా. మడిసొచ్చి వాకిట్లో నిలబడి చెప్పాల, అందరికీ చెప్పినట్టే."

మాటిచ్చాను. ఇంటికొచ్చి నోటుపుస్తకంలో నాయన పేరు పక్కన ఆమె పేరు రాశాను. ఊరు మాచర్ల అని రాసి, ఎదురుగా 'కబురు' అని కూడా రాశాను.

కొన్నాళ్ళకి ఆ పుస్తకం నాయన కంటబడింది. ఆయన వానాకాలం చదువు చదివినవాడే గానీ అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు. మంచంమీద కూర్చుని ఒక్కొక్క పేజీ తిప్పుతున్నాడు. ఆ పేజీ దగ్గర ఆయన బొటనవేలు ఆగింది.

"మాచర్ల దాకా పొయ్యావా?"

"పోయాను."

"రైలుకా, బస్సుకా?"

"రైలుకి."

ఊఁ అన్నాడు. వేలు ఆ పేరు మీదనుంచి తియ్యకుండానే, "మోకాళ్ళ నొప్పులున్నయ్యా దానికి? మా అమ్మకుండేయి" అన్నాడు. ఉన్నాయన్నాను. పుస్తకం మూసి నా చేతికిచ్చి పశువుల దగ్గరికి వెళ్ళాడు. ఆ పేరు కొట్టెయ్యమని ఆయన అనలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను మరిచిపోయినట్టు నటించాను.

అరవైలు వచ్చాయి. సాగర్ డ్యాం పని మొదలై లారీలు తిప్పినవాళ్ళు బాగుపడ్డారు. మా నాయనకి వరసకి అన్నయ్యే, నాకు పెదనాయన, అలా బాగుపడినవాళ్ళలో ఒకడు. ఆయన నరసరావుపేట స్టేషను దగ్గర తన స్థలం ఒకటి ఇస్తానన్నాడు. అక్కడ ఒక హాలు కట్టి, మా ఇంటిపేరు పిల్లలు చదువుకోవడానికి రెండు గదులు వేసి, నా నోటుపుస్తకాలు పెట్టుకోవడానికి ఒక బీరువా పెడదాం అన్నాడు. మేం నలుగురం ఎగిరి గంతేశాం. అయితే స్థలం ఎవరి పేరున రాయాలి? నలుగురు సైకిళ్ళవాళ్ళ పేరున రాస్తే రేపు వాళ్ళ కొడుకులు కొట్టుకుంటారు. ప్లీడరు గారు సంఘం రిజిస్టరు చేయించండి, సంఘం పేరున రాయండి అన్నాడు. ఏడుగురు సంతకాలు చెయ్యాలి, ఆశయాలు రాయాలి, నిబంధనలు రాయాలి, సభ్యుల జాబితా ఉండాలి.

ఆశయాలూ నిబంధనలూ నేనే రాశాను. తెలుగు పంతుల్ని కదా, నా చేతికి ఎప్పుడూ దొరకనంత అవకాశం దొరికింది. "సభ్యుల కుటుంబములలో మరణము సంభవించినచో, రిజిస్టరునందు నమోదైన గృహములకు వార్త పంపు బాధ్యత సంఘమే వహించును. రిజిస్టరునందు లేని వారికి పంపవలసిన అవసరము లేదు." ఈ రెండో వాక్యం అక్కడ ఎవరూ అడగలేదు. నాదెండ్ల గొడవలాంటిది మళ్ళీ వస్తే తప్పు మనది కాదని చూపించుకోవడానికి ఒక ఆధారం ఉండాలని నా తెలివికొద్దీ నేనే చేర్చాను. ప్లీడరు గారు చదివి, భేష్ అన్నాడు. నేను వారం రోజులు ఆ భేష్‌ని నెమరేసుకుంటూ తిరిగాను.

సంతకాల రోజు బట్టల కొట్టు మేడమీద అందరం కూర్చున్నాం. ఇంకో ఇద్దరు మావాళ్ళతో కలిపి ఆరుగురం చేశాం. ఏడో సంతకం పెదనాయనది. ఆయన ముందు నా నోటుపుస్తకం తెమ్మన్నాడు. తీరిగ్గా తిప్పాడు. నాయన పేజీ దగ్గర ఆగి, కలం కింద పెట్టాడు.

"ఏందిరా ఇది? మీ తాత నీళ్ళొదిలిన మడిసిని నువ్వు మళ్ళా పుస్తకంలో లేపుతావా?"

"ఈ పుస్తకంలో ఆడవాళ్ళ పేర్లన్నీ ఆమె చెప్పినవే పెదనాయనా."

"చెప్తే చెప్పింది. ఆ పేరుంటే నా చెయ్యి ఈ కాయితం మీద పడదు. నా స్థలంలో దాని పేరు ఉండేదానికి లేదు."

ఏడో మనిషి ఎక్కడైనా దొరుకుతాడు. కానీ స్థలం ఇచ్చేవాడు తప్పుకుంటే మేమూ తప్పుకుంటామన్నట్టు మిగతావాళ్ళు నేలచూపులు చూశారు. పక్షం రోజులు నేను పెదనాయన చుట్టూ తిరిగాను. ఆయన కాఫీ ఇచ్చాడు, కుశలం అడిగాడు, ఆ ఒక్క మాట మాత్రం మార్చలేదు. చివరికి బట్టల కొట్టాయన, "ముందు రిజిస్టరు కానీ మాస్టారూ. తర్వాత సవరణ పెట్టి కలుపుకుందాం. పేరు ఎక్కడికి పోతంది?" అన్నాడు.

నేను ఒప్పుకున్నాను. మెడమీద కత్తి పెట్టి ఎవరూ ఒప్పించలేదు. పిల్లలకి గదులు వస్తాయి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ సంఘానికి కార్యదర్శి అని నా పేరు అచ్చులో చూసుకోవాలని నాకు మహా ఇదిగా ఉండేది, అది అంతకంటే నిజం. కొత్త రిజిస్టరు తెచ్చి నోటుపుస్తకం మొత్తం గుండ్రటి అక్షరాలతో దించాను. ఆ ముత్తవ్వలందర్నీ రాశాను, పురిట్లో పోయినవాళ్ళనీ రాశాను. వాళ్ళందర్నీ నాకు అప్పజెప్పిన మనిషిని రాయలేదు. పాత పుస్తకం ట్రంకుపెట్టెలో అడుగున పెట్టాను. పెదనాయన ఏడో సంతకం పెట్టాడు.

రిజిస్టరయ్యాక సంఘం పెద్దదైపోయింది. పెదనాయన ప్రెసిడెంటు. ఆయన గుమాస్తా ఒకడు సంఘం పనులు చూసేవాడు. దూరపు ఊళ్ళకి చావు వార్త కార్డుల మీద పంపాలని ప్రెస్సులో అచ్చు వేయించాం. పోయినవారి పేరూ తేదీ రాయడానికి ఖాళీలు వదిలాం. తీరా వచ్చాక ఆ కార్డుల కట్ట ఇంట్లో పెట్టుకోవడానికి ఏడుగురిలో ఒక్కరూ ఒప్పుకోలేదు. చావు ఉత్తరం వస్తేనే చదివి చింపేసేవాళ్ళం, రాబోయే చావులకి అచ్చేసిన కట్టని ఇంట్లో ఎవడు దాచుకుంటాడు? చివరికి లారీ షెడ్డులో పాత టైర్ల మధ్య పెట్టించాం. దగ్గరి ఊళ్ళకి లారీ మనుషులే పోయి చెప్పేవాళ్ళు. ఏర్పాటు చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు. ఏటేటా సమావేశానికి ముందు నేను సవరణ సంగతి ఎత్తాలనుకునేవాణ్ణి. ఏటేటా ఏదో ఒక ముఖ్యమైన విషయం వచ్చేది. రెండేళ్ళ తర్వాత నేను అనుకోవడం కూడా మానేశాను. మాచర్ల పోవడమూ మానేశాను.

మా నాయన ఒక పొద్దున గొడ్లకి మేత వేస్తూ కూలబడి, మేం మంచం వాల్చేలోపే పోయాడు. గంటలో పెదనాయన వచ్చాడు. తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చుని నిజంగానే ఏడ్చాడు. నా భుజం పట్టుకుని, "నువ్వు కూసోరా. నీకేం పన్లేదు. కబుర్లన్నీ సంఘం చూసుకుంటది" అన్నాడు. సంఘం చూసుకుంది. పది పదకొండు గంటలకల్లా గుమాస్తా రిజిస్టరు చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చి వంగి అడిగాడు.

"మాస్టారూ, రిజిస్టరు ప్రకారం అందరికీ మనుషులు పోయారండీ. దూరం వాళ్ళకి కార్డులేశాం. ఇంకెవురన్నా ఉన్నారా?"

దుఃఖంలో గుర్తు రాలేదు అని చెప్తే ఇది చదివేవాళ్ళు నమ్ముతారు. నేనే నమ్మను. నాకు గుర్తొచ్చింది. చేటా, కందులూ, నా చెయ్యి పట్టుకున్న ఆమె చెయ్యీ గుర్తొచ్చాయి. ఆ వెంటనే వాకిట్లో ఉన్న ఇంతమందీ గుర్తొచ్చారు. ఆమె వచ్చి శవంమీద పడితే పెదనాయన ఏమంటాడో, ఎవరెవరు లేచిపోతారో, మోసేవాళ్ళు మిగులుతారో లేదో అన్నీ క్షణంలో కళ్ళముందు తిరిగాయి. అప్పుడు నా నోటి నుంచి ఆ మాట వచ్చింది.

"అందరూ రిజిస్టర్లోనే ఉన్నారు."

గుమాస్తా తల ఊపి వెళ్ళాడు. నా ఎదురుగా మా నాయన పడుకుని ఉన్నాడు. ఆ మాట ఆయన ముందే అన్నాను. నేను రాసిన ఆ రెండో వాక్యం పనికొచ్చిందంటే ఇందుకు పనికొచ్చింది.

మిగతా ఆడపడుచుల్లో ఎవరికైనా కబురు తప్పితే అత్తవారి వైపు నుంచో, బంధువుల వైపు నుంచో తెలుస్తుంది. మా అత్త పెళ్ళి గొడవప్పుడే ఆమె భర్త తరపువాళ్ళు మా ఊరి పేట ఖాళీ చేసి పోయారు, ఆమెకి అటువైపు మావాళ్ళెవరూ లేరు. ఆమెకి తెలిసే దారి నేనొక్కణ్ణే.

నాయన్ని మా చేలోనే సమాధి చేశాం. పెద్దకర్మ లోపల పైన రాయి పరిపించాలని, మంచి రాయి కావాలంటే మాచర్ల రాయే అని, పెదనాయన తన లారీ పంపించాడు. అప్పుడైనా నా నోరు పెగల్లేదు. తొమ్మిదో రోజు లారీ వచ్చింది. రాళ్ళు దించుతుంటే డ్రైవరు, పాపం ఏమీ తెలియనివాడు, నాతో కబుర్లాడుతూ చెప్పాడు.

"రాళ్ళ దొడ్డి కాడ ఒక పెద్దావిడుందండీ. మనవైపు లారీ ఏదొచ్చినా ఏ ఊరు నాయనా అని అడుగుద్ది. ఈసారీ అడిగింది. చెప్పా. ఎవురికయ్యా సమాధి అనింది. పేరు చెప్పా."

"ఏమంది?"

"ఏమన్లేదండీ. ఇంట్లోకి బోయి బిందెతో నీళ్ళు దెచ్చింది. పై రాయి దుమ్ముగా ఉందని శుబ్బరంగా కడిగింది. పెద్దమ్మా, మేం కడుక్కుంటాం లే అన్నా యినలా. మళ్ళా బోయి ఇంకో బిందె దెచ్చింది."

నేను చేను గట్టుమీద కూర్చుండిపోయాను. ఎండకి సొమ్మసిల్లాననుకుని ఎవరో మజ్జిగ ఇచ్చారు. ఆ రాయి ఇవాళ్టికీ మా నాయన మీద ఉంది. నేను దానిమీద చెయ్యి పెట్టను.

ఆమె రాలేదు, ఉత్తరం రాయలేదు, ఎవరితోనూ ఒక్క మాట చెప్పి పంపలేదు. తిడితే బాగుండేది. నేను మాచర్ల పోదామని రెండుసార్లు స్టేషను దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఉత్తరం రాయబోయి చింపేశాను. తెలుగు పంతులికి మాటలు దొరకలేదంటే ఎవరైనా నవ్వుతారు. అలా నాలుగేళ్ళు గడిచాయి. ఈ నాలుగేళ్ళలో హాలు లేచింది, గదులు లేచాయి, గోడకి పటం ఎక్కింది.

ఆ ఏడు వార్షిక సమావేశం హాల్లో జరుగుతోంది. పొద్దున పదకొండు గంటలయి ఉంటుంది. వేదికమీద బల్ల, బల్లమీద రిజిస్టరు, దాని వెనక నేను. తలుపు దగ్గర ఒక మనిషి వచ్చి చెప్పులు విడిచి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నన్ను చూస్తూ అక్కడినుంచే చెప్పాడు.

"మాచర్ల నుంచొచ్చానండీ. మీ మేనత్త గారు తెల్లారుజామున పోయారు. మొదలు మీకే చెప్పమన్నారంట. సాయంత్రం దాకా ఉంచుతారు."

చెప్పి, నీళ్ళు కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. హాలంతా నావైపు తిరిగింది. పెదనాయన బాగా పెద్దవాడైపోయాడు, చెవులు సరిగ్గా వినబడవు. పక్కనున్నవాణ్ణి ఎవరు పోయారని అడిగి తెలుసుకుని, అందరికీ వినబడేట్టు నన్ను అడిగాడు.

"రిజిస్టర్లో ఉందిరా?"

"లేదు" అన్నాను.

"అయితే కానీ. తర్వాత విషయమేంది?"

నేను లేచాను. కుళాయి కింద కూర్చుని చొక్కాతో పంచెతో తలమీద నీళ్ళు పోసుకున్నాను. ఆ తడిబట్టలతోనే బస్టాండుకి నడిచాను. నన్ను ఎవరూ ఆపలేదు. ఆ రోజు మినిట్స్ పుస్తకంలో, కార్యదర్శి సభ మధ్యలో వెళ్ళిపోయినట్టు రాశారు, కారణం రాయలేదు.

మాచర్లలో ఆమెని వాకిట్లో బల్లమీద పడుకోబెట్టారు. చుట్టూ బడిపిల్లలూ, పేటవాళ్ళూ కూర్చుని పాటలు పాడుతున్నారు. తెల్లచీరలో ఉన్న ఒక మనిషి లేచి నా దగ్గరికి వచ్చింది. అత్త కూతురు. నేనెవరో చెప్పబోయాను.

"తెలుసు బావా" అంది.

నన్ను ఆ వరసతో పిలిచిన మనిషి నాకు ఆ రోజు దాకా లేదు. శవం పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది. లోపలికి వెళ్ళి ఒక పాత బైబిలు తెచ్చింది. వాళ్ళ ఇళ్ళల్లో పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ బైబిలు ముందు కాగితాల్లో రాసుకుంటారు.

"ఎవరెవరికి కబురు పంపాలో అమ్మ ఇందులో రాసి పెట్టింది. మొదట మీ పేరే ఉంది. మీకు చూపించమంది కూడా."

తిప్పి చూశాను. నేను అనుకున్నట్టు అవి వాళ్ళాయన వైపు పేర్లు కావు. మా ఇల్లు. ముత్తవ్వలూ తాతలూ, మా నాయనా, నేనూ, ఎవరి నోటనో విని రాసుకున్న నా పిల్లల పేర్లూ, వరసగా, వంకర అక్షరాలతో. నీళ్ళు వదిలిన మా తాత పేరు కూడా ఉంది, పోయిన తేదీతో సహా. మా నాయన పేరు దగ్గర పుట్టిన ఏడు ఉంది, ఒక గీత ఉంది, గీత తర్వాత ఖాళీగా ఉంది.

"నాయన పోయినట్టు అత్తకి తెలుసు కదా. లారీ అతను చెప్పాడు కదా" అన్నాను.

"తెలుసు. రాయమ్మా అని నేనూ చెప్పా. లారీవోడు చెప్పింది కబురు గాదు, మా అల్లుడు పంపిస్తానన్నాడు, వచ్చిన్నాడు రాస్తా అనేది." తన చేతిలోని కలం నా ముందు పెట్టింది. "మీరు రాయండి బావా."

పాటలు ఆగాయి. అందరూ నన్నే చూస్తున్నారు. ఏడుగురి సంతకాల్లో మొదటి సంతకం గీటిన చెయ్యే ఇది. ఖాళీలో తేదీ రాశాను. రాసి, ఆమె చెవి దగ్గరికి వంగి, అందరికీ చెప్పినట్టే చెప్పాను.

"అత్తా, మా నాయన పోయాడు."